కూలిన మేడకు చైర్మన్ పదవి

సౌభాగ్య ప్లాజా అనే నాలుగంతస్తుల మేడ కూలి తొమ్మిది మంది చనిపోయిన పదకొండో రోజున, పార్టీ ఆ మేడను పెదనాగులవరం పట్టణాభివృద్ధి సంస్థకు చైర్మన్‌గా నియమించింది. ఉత్తర్వు సాయంత్రం నాలుగు గంటలకు వచ్చింది. శిథిలాలు ఇంకా సగమే ఎత్తారు కాబట్టి, మిగిలిన సగంలో కాస్త నిటారుగా ఉన్న స్తంభం ఒకటి చూసి దానికి అతికించారు. అందుకున్నట్టు సంతకం ఉండాల్సిన చోట సిమెంటు మరక పడింది. గుమాస్తా దాన్నే సంతకంగా తీసుకుని ఫైల్లో పెట్టుకున్నాడు.

పెదనాగులవరంలో మేడలు పార్టీల్లో చేరడం కొత్త సంగతి కాదు. ఇరవై ఏళ్లుగా చేరుతూనే ఉన్నాయి. రేకుల ఇళ్లను మామూలు సభ్యులుగా తీసుకుంటారు. రెండంతస్తులు దాటితే క్రియాశీల సభ్యత్వం ఇస్తారు. కార్డు మీద ఫొటో ఉండాల్సిన చోట ప్లాను నకలు ఉంటుంది. ఎన్నికల ఫలితాలు వచ్చిన వారంలోపు కొన్ని మేడలు రంగు మార్చుకుంటాయి. దాన్ని ఎవరూ తప్పు పట్టరు, కరెంటూ నీళ్లూ డ్రైనేజీ అన్నీ ఎవరో ఒకరి దయ మీద రావాల్సినవే కదా. సౌభాగ్య ప్లాజా మాత్రం ఏనాడూ రంగు మార్చలేదు. ఊదారంగుతో చేరింది, ఊదారంగుతోనే కూలింది. ఉత్తర్వులో మొదటి వాక్యం అదే.

ఆ ఉత్తర్వు చదివి కడుపు మండిన మనిషి ఊళ్లో ఒక్కడే. పోయినవాళ్ల ఇళ్లలో ఇంకా ఏడుపులు ఆగలేదు, ఉత్తర్వులు చదివే తీరిక వాళ్లకి లేదు. మిగతా ఊరు పేపర్లో చూసి పేజీ తిప్పేసింది. మండినవాడు కొప్పర్తి వీరాంజనేయులు, వయసు యాభై ఎనిమిది, పద్నాలుగో వార్డు పార్టీ అధ్యక్షుడు. ఇరవయ్యారేళ్లుగా ఆయన వార్డు అధ్యక్షుడే. పైకి ఎదగలేదు, కిందికి దిగలేదు. ఆ చైర్మన్ పదవి తనకే వస్తుందని గత మూడు ప్రభుత్వాల నుంచీ ఎదురుచూస్తున్నాడు. తెల్లచొక్కాలు ఇస్త్రీ చేయించి బీరువాలో పెట్టుకుని, పసుపు పచ్చబడితే మళ్లీ కొత్తవి కుట్టించుకుంటున్నాడు.

నిజానికి ఆ మేడకూ ఆయనకూ మధ్య పోటీ ఇప్పటిది కాదు. దాన్ని పార్టీలో చేర్పించింది ఆయనే. దరఖాస్తులో 'ప్రతిపాదించినవారు' అన్నచోట ఆయన సంతకమే ఉంది. అప్పటికి అది రెండంతస్తుల బుద్ధిమంతురాలు. మునిసిపాలిటీ అనుమతి ఇచ్చిందీ రెండింటికే. మూడో అంతస్తు పార్టీలో చేరినప్పుడు వేశారు, నాలుగోది పార్టీ గెలిచినప్పుడు వేశారు. చేరిన రోజున నియోజకవర్గ ఇన్‌ఛార్జి స్వయంగా వచ్చి, పిట్టగోడ చుట్టూ అరవై మీటర్ల పట్టు కండువా చుట్టించాడు. ఆ రోజు వీరాంజనేయులు మెడలో ఉన్నది నూలు కండువా, అంచు పీచులు లేచింది. అక్కడ మొదలైంది ఓర్వలేనితనం. తరవాత నాయకుడి పుట్టినరోజు కేకు దాని డాబా మీద కోశారు. క్రేనుతో గజమాల వేసినా దానికే వేశారు. సభ ఉందంటే వీరాంజనేయులు కుర్చీలు మోయాలి, మేడ మాత్రం ఉన్నచోట ఉండి ఫొటోలో పడాలి.

ఆయన ఒకసారి ఇంటింటి ప్రచారంలో మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. రెండు నెలలు మంచంలో ఉన్నాడు. నాయకుడు రాలేదు, పండ్లు పంపించాడు, అవీ పక్క వార్డు అధ్యక్షుడి ఇంటికి పోయాయి. మేడ కూలినప్పుడు నాయకుడు గంటన్నరలో వచ్చాడు. విరిగిన స్తంభం మీద చెయ్యి వేసి కళ్లు తుడుచుకున్నాడు. మూడో వరసలో నిలబడ్డ వీరాంజనేయులు ఆ చేతినే చూశాడు. శిథిలాల కింద ఇంకా మనుషులున్నారని ఆ క్షణంలో ఆయనకు గుర్తు లేదు. తరవాత గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు. కానీ ఆ చెయ్యి మాత్రం కళ్ల ముందు నుంచి పోలేదు.

కూలడానికి ముందు ఒక కాగితం నడిచింది. మేడ రెండో అంతస్తులో సలోమి అనే ఆమె జాకెట్లు కుట్టే షాపు పెట్టుకుంది. ముప్పై నాలుగేళ్ల మనిషి, ఏడు కుట్టు మిషన్లు, చేతి కింద నలుగురు ఆడపిల్లలు. జూన్ నెలలో షాపు తలుపు మూతపడటం మానేసింది. వడ్రంగి వచ్చి తలుపు బాగానే ఉంది, గోడే వంగింది అన్నాడు. మెట్ల పక్క స్తంభంలో వేలు పట్టేంత సందు కనిపించింది. సలోమి పదిహేడు మంది అద్దెవాళ్ల చేత సంతకాలు పెట్టించి, అక్క రూతమ్మను వెంటబెట్టుకుని వీరాంజనేయులు ఇంటికొచ్చి అర్జీ ఇచ్చింది. ఆయన కాఫీ తాగుతూ చదివి, నకలు మీద వార్డు పార్టీ ముద్ర వేసి తిరిగి ఇచ్చాడు. రిజిస్టర్‌లో నంబరు కూడా వేశాడు. పద్ధతి గల మనిషి.

మరెవరైనా అయితే ఆ అర్జీని మునిసిపల్ ఇంజనీరుకు పంపేవాళ్లు. కానీ పార్టీ సభ్యుల మీద వచ్చిన ఫిర్యాదును పార్టీ లోపలే తేల్చుకోవాలనీ, బయటి అధికారులకు ఇవ్వడం ద్రోహమనీ నియమావళిలో ఉంది. మేడ సభ్యురాలు. అందువల్ల ఆయన అర్జీని జిల్లా క్రమశిక్షణ సంఘానికి పంపాడు. పంపేటప్పుడు ఆయనకు లోలోపల సంతోషంగానే ఉంది, మేడను కనీసం ఆరు నెలలు సస్పెండ్ చేస్తారనుకున్నాడు. సంఘం మేడకు షోకాజ్ నోటీసు ఇచ్చింది. మీ స్తంభంలో సందు ఉన్నట్టు వచ్చిన ఆరోపణకు పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని అడిగింది. మేడ ఉలకలేదు, పలకలేదు. పదహారో రోజున సంఘం ఆ మౌనాన్ని హుందాతనంగా గుర్తించి, ఆరోపణ వర్గపోరులో భాగమని తేల్చి, ఫైలు మూసింది. వీరాంజనేయులు కుళ్లు ఇంకొంచెం ఎక్కువై ఆ కాగితాన్ని మునిసిపాలిటీకి ఇచ్చి ఉంటే తొమ్మిది మంది బతికేవాళ్లు. ఆయన అసూయకు అంత దమ్ము లేకపోయింది.

గురువారం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మేడ కూలింది. సలోమి అందులో పోయింది. ఆమె దగ్గరున్న ముద్ర వేసిన నకలు కూడా అందులోనే పోయింది.

పార్టీ ముగ్గురు సభ్యులతో విచారణ బృందాన్ని పంపింది. వాళ్లు శిథిలాల ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని మేడను మూడు ప్రశ్నలు అడిగారు. నాలుగో అంతస్తు ఎవరు వేయమన్నారు? ఇసుక ఎవరి రేవు నుంచి వచ్చింది? రెండంతస్తులే చూసి సరిపెట్టుకొమ్మని తనిఖీవాళ్లకు ఎవరు ఫోన్ చేశారు? ప్రతి ప్రశ్న తరవాత ఐదు నిమిషాలు ఆగారు. జవాబు రాకపోయేకొద్దీ వాళ్ల మొహాలు తేటపడ్డాయి. ఎంత ఒత్తిడిలోనూ నాయకత్వం పేరు బయటపెట్టలేదని రాసుకున్నారు. మంత్రిగారి కాన్వాయ్ ఆ దారిన వెళ్లడానికి ఇరవై నిమిషాల ముందే కూలి, ట్రాఫిక్ మళ్లించుకునే వీలు కల్పించిందని రాశారు. డాబా మీది నాయకుడి ఫ్లెక్సీ నాలుగంతస్తులు దిగి వచ్చి శిథిలాల పైన చిరుగు లేకుండా నిలిచిందని, ఆఖరి ఘడియలో కూడా ఆ మేడ ఏది కాపాడాలో మరచిపోలేదని విశేషంగా రాశారు. పదవికి సిఫార్సు అక్కడి నుంచే వచ్చింది.

ఉత్తర్వు వచ్చిన మర్నాడు వీరాంజనేయులు అన్నం ముందు కూర్చుని కలపకుండా పోగుచేస్తుంటే, భార్య రత్తమ్మ చూసి చూసి అంది.

"ఏందయ్యా, కూలిపోయిన మేడతో నీకు పోటీయా?"

"పోటీ గాదే. న్యాయం మాట్లాడతన్నా. ఇరవయ్యారేళ్లు జెండా మోసినా. అదేం మోసింది? నాలుగంతస్తులు మొయ్యలేక చతికిలబడింది."

"ఆ పిల్ల కుట్టిన జాకెట్టే నా ఒంటి మీదుంది. పిల్లకేడవకుండా మేడకేడుస్తన్నావు. నీకేమన్నా బుద్ధుందా?"

వీరాంజనేయులు అన్నాన్ని మళ్లీ పోగుచేశాడు. బుద్ధి ఉంది గానీ అది ఆ సమయంలో వేరే పని మీద ఉంది.

శుక్రవారం పొద్దున రూతమ్మ వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది. రత్తమ్మ లోపలికి రమ్మన్నా రాలేదు. ప్రభుత్వం ఒక రిటైర్డ్ జడ్జితో విచారణ వేసింది, సోమవారం సాక్షుల్ని పిలిచారు. మేడ తరఫు వకీలు ముందుగానే వాదన దాఖలు చేశాడు. రెండో అంతస్తులో ఏడు కుట్టు మిషన్లు ఒకేసారి తొక్కడం వల్ల పుట్టిన అదురుకే మేడ కూలిందని, దానికి పూర్తి బాధ్యురాలు సలోమి అని, అద్దెకున్నవాళ్లలో ఒక్కరు కూడా ముందు ఫిర్యాదు చేయలేదని అందులో ఉంది.

"మా చెల్లే కూల్చిందంట బాబాయ్," అంది రూతమ్మ. "మిగతా ఎనిమిది మంది ఇళ్లోళ్లు మా గుమ్మం ముందుకొచ్చి తిట్టిపోతన్నారు. ఎట్టా చెప్పేది వాళ్లకి? కాయితం దాంతోనే పొయ్యె. సంతకాలు పెట్టి బతికున్నోళ్లు భయపడి నోరిప్పటం లేదు."

"నా రిజిస్టర్‌లో ఉందమ్మాయ్, నంబరుతో సహా."

"అదే నేననేది. ఇంకేం వొద్దు బాబాయ్. మా సలోమి ఫలానా రోజు వొచ్చి కాయితం ఇచ్చింది, నేను తీసుకున్నా అని ఒక్క మాట చెప్పు. దాని పేరు మీద మట్టి పొయ్యకుండా చూడు."

వీరాంజనేయులు చెప్తానన్నాడు. గట్టిగానే అన్నాడు. ఆ గట్టిదనంలో సలోమి మీద జాలి నాలుగో వంతు ఉంటే, మేడ పదవి ఊడుతుందన్న ఆశ మూడు వంతులు ఉంది. రూతమ్మకు ఆ లెక్కతో పని లేదు. దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

శనివారం ఆయన ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్లాడు. వెళ్లాల్సిన అవసరం లేదు. కానీ సాక్ష్యం చెప్పే ముందు పార్టీకి తెలియజేయకపోతే అది క్రమశిక్షణ తప్పడమవుతుందని ఆయనకు అనిపించింది. పైగా ఆ మేడ కోసం తనకెందుకు అన్యాయం చేశారో ఒక్కసారి మొహం మీద అడిగెయ్యాలని కూడా ఉంది. ఇన్‌ఛార్జికి నలభై రెండేళ్లు. తనకంటే పదహారేళ్లు చిన్నవాడైనా పార్టీ మర్యాద ప్రకారం ఆయనే అన్న.

"అన్నా, ఒక్కటే అడుగుతా. దానిలో ఏం జూశారు? నాలో ఏం తక్కువైంది?"

ఇన్‌ఛార్జి చిరాకు పడలేదు. కుర్చీ చూపించి, టీ తెప్పించాడు.

"నీలో తక్కువ గాదు వీరాంజనేయులూ, ఎక్కువైంది. నోరు. ఇన్నేళ్లలో పదవి కావాలని నువ్వు నా దగ్గరికి ఎన్నిసార్లొచ్చావో గుర్తుందా? ఆ మేడ ఒక్కసారి అడిగిందా?"

"లేదన్నా."

"అంతస్తు మీద అంతస్తు వేసినప్పుడు వద్దందా? పక్కనోళ్లు మంచి ఇసుకతో కట్టుకుంటంటే నాకూ కావాలందా? కూలింది. కూలినాక అయినా ఫలానా ఆయన వల్ల కూలానని చెప్పిందా? తొమ్మిది మంది పోయినా కిమ్మనలేదు. అట్టాంటి మనిషి పార్టీలో ఇంకొకరుంటే చూపించు, ఇప్పుడే పదవి రాసిస్తా."

వీరాంజనేయులు టీ కప్పు పట్టుకుని ఆలోచించాడు. ఎటునుంచి చూసినా ఆ మాటల్లో తప్పు దొరకలేదు. దొరకనందుకు ఇంకా ఎక్కువ మండింది. తనకు పెళ్లయిన కొత్తలో తోడల్లుడి మీద కూడా ఇంత కుళ్లుకోలేదు.

"రిజిస్టర్ సంగతి నాకు తెలుసు," అన్నాడు ఇన్‌ఛార్జి. "చెప్తానంటే చెప్పు, నేనాపను. సంస్థకి వైస్ చైర్మన్ పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. చైర్మన్ కదల్లేదు గాబట్టి మీటింగులకి, సంతకాలకి వైస్ చైర్మనే. కారు కూడా ఆయనకే. దానికి కావాల్సింది ఒకటే లక్షణం, నీకిప్పుడే చెప్పినా. సోమవారం మా వాళ్లు నిన్ను చూస్తారు."

ఆదివారమంతా వీరాంజనేయులు సాధన చేశాడు. గోడకు చేరగిలబడి, కాళ్లు కాస్త ఎడం పెట్టి, రెప్ప వేయకుండా నిలబడ్డాడు. పాలబ్బాయి కేక వేస్తే పలకలేదు. ఫోన్ మోగితే చూడలేదు. మధ్యాహ్నానికల్లా పావురం ఒకటి వచ్చి భుజం మీద వాలింది. ఆయనకు చాలా ప్రోత్సాహంగా అనిపించింది. రత్తమ్మ రెండుసార్లు భోజనానికి పిలిచి, మూడోసారి ఆయన చుట్టూ తడిగుడ్డ పెట్టి తుడుచుకుంటూ వెళ్లింది. మాట్లాడలేదు. ఆమె మౌనం ఆయనకు సాధన లేకుండానే వచ్చినట్టు కనిపించి, దానిక్కూడా కొంచెం ఈర్ష్య పడ్డాడు.

సోమవారం విచారణ మునిసిపల్ హాల్లో జరిగింది. చిన్న హాలు. చివరి గోడ దాకా కుర్చీలు వేశారు. పోయినవాళ్ల బంధువులు, వకీళ్లు, పేపరువాళ్లు, గోడవార ఊదా కండువాలతో ఆరుగురు. రూతమ్మ మొదటి వరసలో కూర్చుంది. ఎనిమిది ఇళ్లవాళ్లూ ఆమె పక్కన కూర్చోకుండా రెండు కుర్చీలు వదిలి కూర్చున్నారు. జడ్జిగారు ముసలాయన, ఇప్పటికి ఇలాంటివి పద్నాలుగు మేడల విచారణలు చేసిన అనుభవం ఉన్నవాడు. వీరాంజనేయుల్ని ముందుకు పిలిచి అడిగాడు.

"జూన్ నెలలో సలోమి అనే ఆవిడ మీకు అర్జీ ఇచ్చిందా?"

వీరాంజనేయులు కాళ్లు ఎడం పెట్టి నిలబడ్డాడు.

"మీ రిజిస్టర్‌లో దానికి నంబరు వేశారా?"

ఆయన గోడవైపు చూశాడు. గుండె గట్టిగా కొట్టుకుంటోంది. ఆ మేడకు గుండె లేదు, అందుకే అంత సునాయాసంగా నెగ్గుకొచ్చిందని ఆ సమయంలో కూడా దాని మీద అసూయ పడ్డాడు. జడ్జిగారు ఐదు నిమిషాలు ఆగి మళ్లీ అడిగాడు, మళ్లీ ఐదు నిమిషాలు ఆగాడు. గుమాస్తా 'జవాబు లేదు' అని రెండుసార్లు రాసుకున్నాడు. గోడవార ఆరుగురిలో ఒకడు ఫోన్ తీసి ఎవరికో చిన్న మెసేజ్ పెట్టాడు.

రూతమ్మ లేచింది. ఎవరూ ఆమెను అడగలేదు, ఎవరూ ఆపలేదు.

"బాబాయ్, నీ చేతికే గదా ఇచ్చింది. కాఫీ తాగతా చదివావు. నేను పక్కనే ఉండా. ఇచ్చింది అని ఒక్క మాట అను, చాలు. లేకపోతే ఇయ్యలేదను, అట్టా అయినా అను. ఏదో ఒకటి మాట్లాడు."

రూతమ్మ కళ్లు చూసేసరికి వీరాంజనేయులుకు సాధనంతా సడలింది. చెప్పేద్దామనుకున్నాడు. ఆ ఒక్క క్షణం ఆయనకు పదవీ గుర్తులేదు, మేడా గుర్తులేదు, కాఫీ గ్లాసు పక్కన సలోమి నిలబడ్డ తీరు మాత్రమే గుర్తుంది. నోరు తెరిచాడు. మాట రాలేదు. గొంతు లోపల ఏదో పటుక్కుమంది. గుప్పెడు ఇసుక, రెండు సున్నపు పెచ్చులు పెదవుల మీది నుంచి రాలి చొక్కా మీద పడ్డాయి. చెవి కింద నుంచి కాలరు దాకా సన్నటి గీత ఒకటి పాకి ఆగింది.

హాల్లో ఎవరూ అరవలేదు. జడ్జిగారు కళ్లజోడు సర్దుకుని ఆ గీతను చూసి, ఎత్తు ఎంత ఉంటుందని గుమాస్తాను అడిగాడు. గుమాస్తా కంటితో కొలిచి, అయిదడుగుల ఏడంగుళాలు అన్నాడు. ముందుజాగ్రత్తగా అందరూ కుర్చీలు ఆరడుగులు వెనక్కి జరుపుకోవాలని జడ్జిగారు ఆదేశించాడు. ఇందులో వాదన ఏమీ లేదు, అందరికీ అలవాటైన పనే. వకీళ్లు జరిగారు, పేపరువాళ్లు జరిగారు, ఎనిమిది ఇళ్లవాళ్లూ జరిగారు. కుర్చీల కాళ్లు కాసేపు నేల మీద కీచుమని, తరవాత సద్దుమణిగాయి.

అందరూ జరిగేసరికి వెనక గోడ వచ్చేసింది, ఇంకొక కుర్చీకి చోటు మిగల్లేదు. రూతమ్మ తన కుర్చీ ఎత్తి పట్టుకుని అటూ ఇటూ చూసింది. ఎవరైనా సర్దుకుంటారేమోనని కాసేపు ఆగింది. తరవాత దాన్ని ఎక్కడి నుంచి తీసిందో అక్కడే, వీరాంజనేయులు ముందు దించి కూర్చుంది. గుమాస్తా తరవాతి సాక్షిని పిలిచాడు.